కంటికి ఒకటే, డీఎన్‌ఏకి ఇరవై ఒకటి

సముద్రపు నాచు గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది, అందులో చెప్పాల్సింది అంత ఉంది.

ప్రశ్న: విశాఖలో ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద ఎర్ర నాచు సేకరించి, పాత పుస్తకంలోని కీ (లక్షణాలను బట్టి జాతిని గుర్తుపట్టే పట్టిక) పెట్టి చూస్తే గ్రాసిలేరియా కార్టికేటా అని తేలింది. బొమ్మతో, అడ్డుకోతతో అన్నీ సరిపోయాయి. మా గైడ్ మేడం మాత్రం డీఎన్‌ఏ చూడకుండా పేరు రాయొద్దంటున్నారు. కళ్లెదుట ఉన్నదాన్ని కూడా నమ్మకూడదా? (ఒక విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: నమ్మండి, కాకపోతే పేరు రాసేముందు కాస్త ఆగండి. మీ మేడం చెప్పింది నిజమే, దానికి నేను ఇంకో మాట కలుపుతాను. డీఎన్‌ఏ ఒక్కటే చూసి కూడా పేరు రాయకూడదు.

ఎర్ర శైవలాలతో, అంటే ఎర్ర నాచులతో చిక్కు ఎక్కడొస్తుందంటే, గుర్తుపట్టడానికి పనికొచ్చే భాగాలు వాటి ఒంట్లో చాలా తక్కువ. పువ్వు లేదు, కాయ లేదు, ఆకు లేదు, అసలు వేరు కూడా లేదు. ఉన్నదల్లా రాయిని కరుచుకునే అడుగుభాగం, దాని మీద కొమ్మల గుత్తి. ఆ కొమ్మలైనా ఉన్నచోటును బట్టి మారిపోతుంటాయి. అలలు దంచికొట్టే రాయి మీద పొట్టిగా, గుబురుగా పెరిగిన మొక్కే నీళ్లు నిలిచే గుంటలో సాగి పల్చబడుతుంది, ఎండ ఎక్కువైతే రంగు కూడా వెలిసిపోతుంది. ఇక రెండోవైపు చూస్తే, ఒకే రకం అలల్లో, ఒకే రకం ఎండలో బతికే వేర్వేరు జాతులు తరాల తరబడి ఒకే ఆకారానికి వచ్చేస్తాయి. అంటే ఒకే జాతి రెండుగా కనబడొచ్చు, రెండు మూడు జాతులు ఒకటిగానూ కనబడొచ్చు. ఈ రెండు రకాల పొరపాట్లూ పుస్తకాల్లో బోలెడున్నాయి.

వీటి జీవితచక్రం ఇంకా కష్టం. చాలా ఎర్ర శైవలాల్లో మూడు దశలుంటాయి, కొన్నింటిలో ఒక దశకూ ఇంకో దశకూ పోలికే ఉండదు. నత్తగుల్లల్లోపల గులాబీ రంగులో పాకే సన్నటి పోగుల్ని కాంకోసెలిస్ అని ఒక ప్రత్యేక జాతిగా లెక్కేసేవారు. 1949లో మాంచెస్టర్‌లో పనిచేస్తున్న కాథ్లీన్ డ్రూ బేకర్, ఆ పోగులు పోర్ఫైరా అనే పల్చటి ఆకులాంటి నాచు జీవితంలోనే ఒక దశ అని పెంచి చూపించింది. జపాన్‌లో నోరి (తినడానికి వాడే పోర్ఫైరా నాచు) సాగు చేసేవాళ్లకు అప్పటిదాకా విత్తనం ఎక్కణ్నుంచి వస్తుందో తెలియదు, ఏ ఏడాది పంట వస్తుందో, ఏ ఏడాది పోతుందో తెలియదు. ఆ ఒక్క పరిశీలనతో నోరి సాగు తీరే మారిపోయింది, కుమమోటో ప్రాంతంలోని ఉతో పట్టణంలో ఆమెకు స్మారకం కూడా కట్టుకున్నారు. ఆమె దగ్గర డీఎన్‌ఏ పరీక్షల్లేవు. మొక్కని ఓపిగ్గా పెంచి చూడడమే ఆమె పద్ధతి, అందుకే ఆకారాన్ని చూసే చదువును తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఒప్పుకోను.

అయితే కన్ను ఎంత పదునైనా పట్టలేనివీ ఉన్నాయి. పోర్టియేరియా అనే ఎర్ర నాచునే తీసుకోండి. చదునుగా ఉండే కొమ్మలు, లోపలికి చుట్టుకున్న చివర్లు, ఒకసారి చూస్తే మర్చిపోరు. హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ దాకా ఎక్కడ కనిపించినా జనం పోర్టియేరియా హార్నెమానై అనే రాసుకుంటూ వచ్చారు. ఫిలిప్పీన్స్ ఉత్తర కొసన ఉన్న బటాన్ దీవి దగ్గర తీసిన ఈ నాచులో హాలోమాన్ అనే పదార్థం దొరికిందని 1992లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తలు ప్రకటించారు. బ్రోమిన్, క్లోరిన్ రెండూ ఉన్న చిన్న అణువు అది. ల్యాబ్‌లో పెంచిన కొన్ని రకాల క్యాన్సర్ కణాల మీద అది గట్టిగా పనిచేయడంతో మందుగా తయారుచేద్దామని ముందుకెళ్లారు, కానీ నాచు నుంచి చాలినంత సరుకే రాలేదు. వేరే చోట సేకరిస్తే లోపలి రసాయనాలు వేరేగా ఉండేవి, పాళ్లు మారిపోయేవి. పేరు మాత్రం అన్నిటికీ ఒకటే.

2013లో ఫిలిప్పీన్స్ దీవులన్నిటి నుంచీ ఆ నాచును తెచ్చి డీఎన్‌ఏ చదివారు. ఒకటనుకున్నది 21 జాతులుగా విడిపోయింది, అదీ ఒక్క దేశంలోనే. మైటోకాండ్రియా, హరితరేణువు, కేంద్రకం మూడు చోట్ల నుంచీ జన్యువుల్ని తీసి పోల్చారు కాబట్టి ఆ ఫలితాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆ జాతుల్లో చాలావాటికి ఉన్న చోటు బాగా చిన్నది, ఈ దీవుల గుంపులో ఉన్నది పక్క గుంపులో లేదు. తర్వాత 2018లో హిందూ, పసిఫిక్ మహాసముద్రాల నమూనాలన్నీ కలిపి చూస్తే లెక్క 92 దాకా పోయింది. రసాయనాల తేడాలకు జాతి ఒక్కటే కారణం కాదు, ఒకే జాతిలో కూడా జీవితదశను బట్టి అవి మారతాయని బటాన్ వైపు నాచు మీదే తేలింది. కానీ చేతిలో ఉన్నది ఏ జాతో తెలియకుండా, ఏ దశలో ఉందో తెలియకుండా మందు కోసం టన్నుల కొద్దీ నాచు ఏరించడమంటే అది చీకట్లో వెతుకులాటే కదా.

ఇక మీ నాచు సంగతి. విశాఖ తీరం నాచుల్ని 1960ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.శ్రీరాములు, ఎం.ఉమామహేశ్వరరావు గార్లు ఎంత శ్రద్ధగా పరిశీలించారో వాళ్ల వ్యాసాలు చదివితే తెలుస్తుంది. ఏ రాయి మీద ఏ ఎత్తులో ఏ నాచు, ఏ నెలలో ఎంత పెరుగుతుంది, అలలు ఎక్కడిదాకా తగులుతాయి, అన్నీ రాశారు. మీరిప్పుడు వాడుతున్న పేర్లలో చాలావరకు అలాంటి జాబితాల నుంచే వచ్చాయి, ఆ రోజుల్లో ఉన్న సాధనాలతో అంతకంటే బాగా చేయలేరు. గ్రాసిలేరియా కార్టికేటాలోనే గుండ్రటి కొమ్మలున్నదాన్ని సిలిండ్రికా అని ఒక రకంగా విడదీసింది కూడా ఉమామహేశ్వరరావు గారే. ఆ గుండ్రటిదీ, చదునుదీ ఒకే జాతికి రెండు రూపాలా, రెండు జాతులా అన్నది మీ ప్రాజెక్టుకు చక్కటి ప్రశ్న. మీకు రాళ్లు నడిచేంత దూరంలో ఉన్నాయి.

పని ఎలా చేయాలో చెబుతాను. మొక్కని రాయి నుంచి అడుగుతో సహా తీయండి. సముద్రపు నీళ్లతోనే కడగండి, కుళాయి నీళ్లు వద్దు. కొమ్మల సందుల్లో వేరే చిన్న నాచులు, పీతపిల్లలు, డయాటమ్‌లు చేరి ఉంటాయి, వాటిని సూదితో, మెత్తటి బ్రష్‌తో తీసెయ్యాలి. లేకపోతే మీరు చదివేది ఆ అతిథి డీఎన్‌ఏ అవుతుంది. శుభ్రమైన కొమ్మ చివర చిన్న తుంపు తీసి, టిష్యూతో తడి అద్ది, సిలికా జెల్ ఉన్న కవర్లో వెయ్యండి. అదే మొక్క ఇంకో ముక్కని, సముద్రపు నీళ్లలో కలిపిన ఫార్మలిన్‌లో, లోపలి నిర్మాణం కోసం. మిగతాదాన్ని హెర్బేరియం షీటు మీద పరచండి. మూడింటికీ ఒకే నంబరు, అదే రోజు, అక్కడికక్కడే. ఈ నంబర్లు కలిసిపోతే తర్వాత ఎంత మంచి ల్యాబ్‌కి పంపినా లాభం లేదు. ఫార్మలిన్‌లో పెట్టినదాంట్లో డీఎన్‌ఏ పాడైపోతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అడ్డుకోత సంగతి మీకు తెలిసిందే కానీ, ఒక్క కోతతో ఆగిపోకండి. క్యారెట్ ముక్క మధ్య పెట్టి కొత్త బ్లేడుతో కోసి, అనిలిన్ బ్లూ వేసి చూడండి. నడుమ పెద్ద కణాలు, అంచుకొచ్చేసరికి చిన్న రంగు కణాలు కనిపిస్తే అంతటితో సంతోషపడితే చాలదు, అది గ్రాసిలేరియాలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. అసలు తేడాలు సంతానోత్పత్తి భాగాల్లో ఉంటాయి. ఆడమొక్క కొమ్మల మీద ఆవగింజంత బుడిపెలుంటాయి, అవి సిస్టోకార్ప్‌లు, వాటిని సరిగ్గా నడిమికి కోసి లోపలి గోడదాకా గొట్టాల్లాంటి పోషక కణాలు వెళ్తున్నాయో లేదో చూడాలి. మగమొక్కకు బుడిపెలుండవు, చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేనట్టుంటుంది, అందుకే చాలామంది దాన్ని వదిలేసి వస్తారు. పురుష కణాలు పైపొర మీదే పరుచుకున్నాయా, లోతు తక్కువ గుంటల్లో ఉన్నాయా, లోతైన గిన్నెల్లాంటి వాటిలో ఉన్నాయా అన్నదాన్ని బట్టే ఈ కుటుంబంలో విభజనలు జరిగాయి. కాబట్టి మగ, ఆడ, టెట్రాస్పోర్ (నాలుగేసి చొప్పున బీజకణాలు వేసే) మొక్కలు మూడూ దొరికేదాకా ఒకే రాయికి మళ్లీ మళ్లీ వెళ్లాల్సిందే.

డీఎన్‌ఏ వైపు ఎర్ర శైవలాలకు ఎక్కువగా చదివేవి రెండు. హరితరేణువులోని ఆర్‌బీసీఎల్ జన్యువు, 1,467 అక్షరాలు. రెండోది మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు మొదటి భాగం, 664 అక్షరాల చిలుకు, దీన్ని ఎర్ర నాచులకు బార్‌కోడ్‌గా వాడొచ్చని కెనడాలో గ్యారీ సాండర్స్ 2005లో చూపించారు. సీఓఐ తొందరగా మారుతుంది కాబట్టి దగ్గరి చుట్టాల్ని విడదీస్తుంది, ఆర్‌బీసీఎల్ నిదానంగా మారుతుంది కాబట్టి ఏది ఏ కుటుంబానికి దగ్గరో చెబుతుంది. గ్రాసిలేరియాలో అగర్ ఉంటుందని మీకు తెలుసు, డీఎన్‌ఏ తీసేటప్పుడు ఆ జిగురంతా ట్యూబులోకి వచ్చి, కావాల్సిన ముక్కకు నకళ్లు తీసే పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. మొదటిసారి బ్యాండ్ (ముక్క దొరికిందని చూపే గీత) రాకపోతే టెన్షన్ పడకుండా, తీసిన డీఎన్‌ఏని పల్చన చేసి మళ్లీ పెట్టండి.

సీక్వెన్స్ (అక్షరాల వరస) వచ్చాక అందరూ తమ సీక్వెన్స్‌లు దాచే జెన్‌బ్యాంక్‌లో వెతికితే పైన ఏదో పేరు 99 శాతం అని వస్తుంది. అక్కడితో అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. ఆ పేరు పెట్టి అక్కడ ఉంచిన మనిషి దేన్ని చూసి పెట్టాడు? ఆయనా పాత కీ చూసే పెట్టి ఉంటే, మీరు చేసింది ఒక ఊహను ఇంకో ఊహతో పోల్చడం. సరైన పోలిక మూల నమూనాతోనే, అంటే ఆ పేరుకు ఆధారంగా దాచిన అసలు మొక్కతోనే. కార్టికేటాకు మొదట పేరు పెట్టిన జాకబ్ అగార్డ్ హెర్బేరియం స్వీడన్‌లోని లుండ్‌లో ఉంది. అక్కడిదాకా మీరు వెళ్లలేకపోవచ్చు, కానీ మీ థీసిస్‌లో ఈ సంగతి రాయండి, పేరు పక్కన "దీనితో పోల్చి చూడండి" అని సూచించే సి.ఎఫ్. గుర్తు పెట్టండి. అది పిరికితనమని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ప్రశ్న: రెండు నమూనాల డీఎన్‌ఏలో ఎంత శాతం తేడా ఉంటే వేరే జాతి అనాలి? పిల్లలు అడుగుతున్నారు, ఒక అంకె చెబితే బాగుంటుంది. (బోటనీ లెక్చరర్, గుంటూరు)

జవాబు: అన్నిటికీ పనికొచ్చే అంకె లేదు సార్, అలా ఒక అంకె చెప్పేవాళ్లని నేను నమ్మను. చూడాల్సింది ఖాళీని. ఒకే గుంపులోని మొక్కల మధ్య తేడాలు కొద్దిగా ఉండి, పక్క గుంపుకు పోయేసరికి ఒక్కసారిగా పెద్దవైతే, మధ్యలో ఆ ఖాళీ స్పష్టంగా కనిపిస్తే, అక్కడ సరిహద్దు ఉందని అనుమానించొచ్చు. ఆ అనుమానం ఇంకో జన్యువులో కూడా నిలబడాలి. ఒక్క మైటోకాండ్రియా మాట మీద కొత్త జాతిని ప్రకటిస్తే అది తొందరపాటు.

వీలైతే ఇంకో సాక్ష్యం కూడా ఉంది, జత కట్టించి చూడడం. మడ అడవుల్లో వేళ్ల మీద పట్టే బోస్ట్రికియా అనే చిన్న ఎర్ర నాచు ఉంది, మన కోరింగ వైపు కూడా ఈ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఉంది. అందులో రాడికన్స్, మోరిట్జియానా అని రెండు జాతులుండేవి, కొమ్మల చివర ఒంటివరస కణాల పోగులుంటే మోరిట్జియానా, లేకపోతే రాడికన్స్. జోసెఫ్ జుకరెల్లో, జాన్ వెస్ట్ అనే ఇద్దరు ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చి ల్యాబ్‌లో పెంచిన వాటి డీఎన్‌ఏ చదివితే, రెండు కాదు, అంతకంటే చాలా ఎక్కువ వంశాలు బయటపడ్డాయి. అంతకంటే ఆశ్చర్యమేమిటంటే, ఒకే వంశంలో పోగులున్నవీ లేనివీ కలిసి ఉన్నాయి. అంటే ఇన్నాళ్లూ రెండు జాతుల్ని విడదీయడానికి వాడిన గుర్తు అసలు సరిహద్దు మీద లేనే లేదు. ఆ తర్వాత మగ, ఆడ మొక్కల్ని ఒకే గాజుపాత్రలో పెట్టి చూశారు. ఒకే వంశంలోవి సాధారణంగా కలిసి సిస్టోకార్ప్‌లు కట్టాయి, వేర్వేరు వంశాలవి కట్టలేదు. ఎర్ర శైవలాల పురుష కణాలకు ఈదే తోక ఉండదు, నీళ్లు ఎటు తీసుకెళ్తే అటు పోతాయి, కాబట్టి పాత్రని మెల్లగా కదిలిస్తూ ఉండాలి. పిల్లలకు శాతం అంకె కన్నా ఈ ప్రయోగం చెప్పండి, జాతి అంటే ఏమిటో బాగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి. డీఎన్‌ఏ గుంపులు తేలాక మళ్లీ మైక్రోస్కోపు దగ్గరికి వెళ్తే, ముందు పట్టించుకోని తేడా ఒకటి చాలాసార్లు బయటపడుతుంది. సెంట్రోసెరాస్ క్లావ్యులేటమ్ అనే వెంట్రుక లాంటి నాచు విశాఖ జాబితాలోనూ ఉంది, ప్రపంచంలో వెచ్చటి తీరాలన్నిటి జాబితాల్లోనూ ఉంది. దాని మూల నమూనా పెరూలోని కయావోది. 2009లో దాన్ని దగ్గర పెట్టుకుని పోల్చి చూస్తే, ఉష్ణమండలంలో ఆ పేరుతో చెలామణీ అవుతున్నవాటిలో చాలావరకు వేరే జాతులు. వాటిని పైపొర కణాల అమరికతో, ముళ్లతో గుర్తుపట్టొచ్చని కూడా అప్పుడే రాశారు. విశాఖలోనిది ఏదన్నది మళ్లీ చూడాల్సిన పని.

ప్రశ్న: బాపట్ల దగ్గర తీరంలో మా గ్రూపువాళ్లు నాచు సాగు మొదలుపెడదామంటున్నారు. విత్తనం ఎవరి దగ్గర తెచ్చినా ఒకటేనా? కాటనీ అంటున్నారు, ఇంకొకరు స్పైనోసమ్ అంటున్నారు. ఈ డీఎన్‌ఏ గొడవలు మాకేమైనా సంబంధమా? (ఒక మహిళా సంఘం సభ్యురాలు)

జవాబు: సంబంధం ఉందమ్మా, నేరుగా డబ్బుతోనే. కాటనీ అని వ్యాపారులు పిలిచేది కప్పాఫైకస్ అల్వరెజీ. దాని నుంచి కప్పా రకం కారజీనన్ వస్తుంది, గట్టిగా గడ్డకట్టే జెల్. స్పైనోసమ్ అనేది యూకీమా డెంటిక్యులేటమ్, దాని నుంచి అయోటా రకం, మెత్తగా సాగే జెల్. కొనేవాళ్లు వేర్వేరు, ధర వేరు, రెండూ కలిపి ఎండబెడితే సరుకు తిప్పి పంపుతారు. పచ్చి నాచు ఆకుపచ్చగా, గోధుమరంగులో, ఎర్రగా ఎలాగైనా ఉండొచ్చు, కాబట్టి రంగు చూసి కొనకండి.

ఇంకా లోతుకు వెళ్తే, మలేసియాలో సాగుదారులు అల్వరెజీ పక్కనే పెరిగే ఒక రకాన్ని అరింగ్ అరింగ్ అని వేరుగా పిలుచుకునేవారు. పుస్తకం ప్రకారం అదీ ఇదీ ఒకటే. డీఎన్‌ఏ చూశాక అది నిజంగానే వేరే జాతి అని తేలి 2014లో కప్పాఫైకస్ మలేసియానస్ అని పేరు పెట్టారు. రోజూ తాడుకు కట్టి, పీకి, ఎండబెట్టే చేతులకు ఆ తేడా ముందే తెలుసు. కాబట్టి మీ పెరటిలో రెండు కట్టలు వేరుగా పెరుగుతున్నాయనిపిస్తే, ఒకటి తొందరగా కుళ్లుతోంది, ఇంకొకటి తట్టుకుంటోంది అనిపిస్తే, దాన్ని రాసిపెట్టి మీకు శిక్షణ ఇచ్చేవాళ్లకు చెప్పండి. వాళ్లు వినకపోతే మళ్లీ చెప్పండి.

ఈ సాగంతా కొమ్మ తుంపి కట్టడమే కాబట్టి, ప్రపంచంలో పండే అల్వరెజీ చాలావరకు ఒకే తల్లి పిలకల్లాంటిదని కూడా డీఎన్‌ఏతోనే బయటపడింది. రోగమొస్తే అన్నిటికీ ఒకేసారి వస్తుంది. ఇది మన సముద్రానిది కాదు, ఫిలిప్పీన్స్‌ది. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర పగడాల మీదికి పాకిందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు. అందుకని విత్తనం అనుమతి ఉన్న ప్రభుత్వ సంస్థల నుంచే తీసుకోండి, జాతి పేరు, ఎక్కడిదో కాగితం మీద రాయించుకోండి, తెగిన ముక్కల్ని సముద్రంలో వదిలేయకుండా ఒడ్డుకు తెచ్చెయ్యండి.

ప్రశ్న: ఇంట్లో పుడ్డింగ్‌కి వాడే చైనా గ్రాస్ కూడా ఇదేనా? పిల్లలకు పెట్టొచ్చా? (నిజామాబాద్ పాఠకురాలు)

జవాబు: ఔను, చైనా గ్రాస్ అంటే అగర్, అది జెలిడియం, గ్రాసిలేరియా అనే ఎర్ర నాచుల నుంచి తీసింది. మీకు దొరికే ప్యాకెట్ తినడానికి తయారుచేసిందే, పిల్లలకు పెట్టొచ్చు, నీళ్లలో పూర్తిగా కరిగేదాకా మరిగించండి. కారజీనన్ ఇంకోటి, అది ఐస్‌క్రీముల్లో, చాక్లెట్ పాలల్లో ఉంటుంది.

ప్రశ్న: పేర్లు మార్చడం తప్ప ఈ పరిశోధనల వల్ల ఒరిగేదేమిటి? నేను చదువుకున్నప్పుడు పోర్ఫైరా, తర్వాత పైరోపియా అన్నారు, ఇప్పుడు నియోపైరోపియా అంటున్నారట. (రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం)

జవాబు: మీ విసుగు నాకర్థమైంది మాస్టారూ. నోరి నాచుకు పదేళ్లలో రెండుసార్లు ప్రజాతి మారింది, 2011లో ఒకసారి, 2020లో ఇంకోసారి. మన విశాఖ రాళ్ల మీద కనిపించే పోర్ఫైరా వియత్నమెన్సిస్ కూడా ఇప్పుడు ఫైకోకాలిడియా అయింది. పాఠాలు చెప్పేవాళ్లకు ఇది తలనొప్పే.

కానీ పేరు తప్పయితే ఏమవుతుందో చూడండి. జపాన్ వైపు నుంచి వచ్చిన గ్రాసిలేరియా వెర్మిక్యులోఫిల్లా అనే నాచు అమెరికా, యూరప్ తీరాల్లో బురదమేటలన్నీ పరుచుకుంది. చూడ్డానికి అక్కడి సొంత గ్రాసిలేరియాల్లాగే సన్నటి తాళ్లలా ఉండడంతో, వచ్చిందని కూడా చాలాకాలం ఎవరికీ తెలియలేదు. డీఎన్‌ఏ చూశాకే బయటినుంచి వచ్చిందని రూఢి అయింది, అప్పటికే అది స్థిరపడిపోయింది. అలాగే గ్రాసిలేరియా వెర్రుకోసా అనే పేరుతో ప్రపంచమంతా, మన చిలికా సరస్సు నాచు మీద కూడా, ఎన్ని వ్యాసాలు వచ్చాయో. 1995లో బ్రిటన్‌లో జాగ్రత్తగా చూస్తే అక్కడే ఆ పేరు కింద రెండు వేర్వేరు ప్రజాతుల మొక్కలున్నాయి, ఒకటి గ్రాసిలేరియా, ఇంకొకటి గ్రాసిలేరియాప్సిస్. ఇంతమంది అగర్ ఎంత వస్తుందని, ఎంత ఉప్పు తట్టుకుంటుందని కొలిచి రాసిన అంకెలు ఏ మొక్కవి? నమూనా దాచుకున్నవాళ్ల అంకెలకు విలువ మిగిలింది, దాచనివాళ్లవి ఎటూ కాకుండా పోయాయి.

ఇప్పుడు ఆస్పరాగాప్సిస్ మీద అందరి కన్నూ పడింది, పశువుల మేతలో కొద్దిగా కలిపితే కడుపులో పుట్టే మీథేన్ బాగా తగ్గుతుందని. పనిచేసేది ముఖ్యంగా అందులోని బ్రోమోఫాం. ఆస్పరాగాప్సిస్ టాక్సిఫార్మిస్ అనే పేరు కింద చాలా వంశాలు దాగి ఉన్నాయని 2004 నుంచీ తెలుసు, మన దేశం తీరాల్లోనూ ఈ నాచు ఉంది. పైగా దీని ఇంకో జీవితదశ, పత్తి ఉండల్లాంటి ఎర్రటి పోగులు, ఫాల్కెన్‌బెర్జియా అని ఒకప్పుడు వేరే ప్రజాతిగా చెలామణీ అయింది. రేపు ఎవరో మన తీరంలో దీన్ని పెంచి గేదెలకు పెడతామంటే, ఏ వంశం, ఏ దశ అని ముందుగా అడగాల్సిందే. మీరు చెప్పిన గందరగోళం తాత్కాలికం మాస్టారూ, తప్పు పేరు మీద కట్టిన పని మొత్తం మళ్లీ చేయాల్సి రావడం అంతకంటే పెద్ద నష్టం. అయితే ఒక్క సీక్వెన్స్ తీసి, మొక్కని సరిగ్గా వర్ణించకుండా కొత్త పేర్లు ప్రకటించేవాళ్ల విషయంలో మాత్రం మీ కోపం న్యాయమే.

ప్రశ్న: ఎర్ర శైవలం అన్నారు, కానీ నేను కాకినాడ బీచ్‌లో చూసింది నల్లగా, కొంచెం ఆకుపచ్చగా ఉంది. మా సార్ అది ఎర్ర శైవలమే అన్నారు. ఎలా? (తొమ్మిదో తరగతి విద్యార్థి)

జవాబు: మీ సార్ చెప్పింది నిజం కావచ్చు. ఎరుపునిచ్చేది ఫైకోఎరిత్రిన్ అనే రంగు పదార్థం. దాని అడుగున మామూలు పత్రహరితం కూడా ఉంటుంది. ఎండ ఎక్కువ తగిలే రాళ్ల మీద ఎరుపు తగ్గి, ఆకుపచ్చ, గోధుమరంగు పైకి తేలతాయి. లోతు నీళ్లలో ఉన్నవి ముదురెరుపుగా ఉంటాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చిన్న ముక్కని మంచినీళ్లున్న గాజుగ్లాసులో వేసి కొన్ని గంటలు వదిలెయ్యి. ఎర్ర శైవలమైతే కణాలు పగిలి నీళ్లు గులాబీరంగుకు తిరిగే అవకాశం ఉంది. ప్రతిసారీ రాదు, కానీ వస్తే చూడ్డానికి చాలా బాగుంటుంది.

ప్రశ్న: మా కాలేజీ బోటనీ ల్యాబ్‌లో 1970ల నాటి సముద్రపు నాచు షీట్లు ఒక బీరువా నిండా ఉన్నాయి. గది ఖాళీ చేయాలి, పారేద్దాం, ఫొటోలు తీసి పెట్టుకుంటే చాలు కదా అంటున్నారు. (ల్యాబ్ అసిస్టెంట్, కృష్ణా జిల్లా)

జవాబు: దయచేసి పారేయనివ్వొద్దు. ఫొటోలోంచి డీఎన్‌ఏ రాదు, షీటులోంచి వస్తుంది. పాత నమూనాల్లో డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉంటుంది నిజమే, కానీ రెండు మూడు వందల అక్షరాల ముక్క దొరికినా జాతిని పోల్చడానికి చాలాసార్లు సరిపోతుంది. జెఫ్రీ హ్యూయీ, పాల్ సిల్వా, మ్యాక్స్ హామర్‌సాండ్ 2001లో పసిఫిక్ ఎర్ర నాచుల పాత మూల నమూనాల నుంచి ఇలాగే డీఎన్‌ఏ తీసి, ఏళ్ల తరబడి తేలని పేర్ల తగాదాలు తీర్చారు. పగడపు దిబ్బల్ని సిమెంటులా పట్టి ఉంచే పోరోలిథాన్ ఆంకోడెస్ అనే రాయిలాంటి ఎర్ర నాచు ఉంది. దాని మూల నమూనా పాపువా న్యూగినీలోని తామీ దీవులది. దాంట్లోంచి తీసిన చిన్న ముక్కతో పోల్చాకే, ఆ పేరు కింద దాదాపు 20 జాతులు కలిసిపోయి ఉన్నాయని 2018లో తెలిసింది.

మీ బీరువాలోవి మూల నమూనాలు కాకపోవచ్చు. అయినా 1970ల్లో మన తీరంలో ఏ రాయి మీద ఏముందో చెప్పే ఆధారం ఇంకెక్కడా దొరకదు, పైగా ఆ రాళ్లలో కొన్నిచోట్ల ఇప్పుడు హార్బర్లు, గోడలు లేచాయి. ముందు ఒక రిజిస్టరులో ప్రతి షీటు లేబుల్ మీదున్నది ఉన్నట్టు ఎక్కించండి, తప్పుగా అనిపించిన పేరునైనా దిద్దొద్దు. ఫార్మలిన్ సీసాలోంచి తీసి అంటించినవి ఏవైనా ఉంటే ఆ సంగతి పక్కన రాయండి. పురుగు పట్టినవాటిని వేరుచేసి ప్లాస్టిక్ కవర్లో కట్టి కొన్నాళ్లు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, వేడి ఓవెన్‌లో మాత్రం వద్దు. ఆ తర్వాత దగ్గర్లోని విశ్వవిద్యాలయం బోటనీ విభాగానికీ, భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకూ ఉత్తరం రాయండి, జాబితా జతచేసి, ప్రిన్సిపాల్ సంతకంతో. జవాబు వచ్చేదాకా బీరువా తాళం మీ దగ్గరే ఉంచుకోండి.